వేప ఎండిపోతోంది, కొట్టించెయ్యమంటున్నాడు మా అబ్బాయి

హైదరాబాదులో నాగోలు వైపు సొంతిల్లున్న ఒక రిటైర్డ్ టీచరుగారు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు, వేయడం లేదు. 1996లో గృహప్రవేశమైన వారానికే వాళ్లాయన ఇంటికి పడమటి పక్కన వేపమొక్క నాటారట. ఇప్పుడది రెండంతస్తుల మేడని దాటిపోయింది. దాని కింద రెండు రాళ్ల మీద ఓ షాబాదు బండ పరుచుకుని రోజూ పొద్దున పేపరు చదువుకునేవారట ఆయన. ఆయన పోయి మూడేళ్లయింది.

నిరుడు ఎండాకాలం చివర్లో డల్లాస్‌లో ఉండే కొడుకు వచ్చి, "ఈ మట్టీ చెత్తా ఎందుకమ్మా, పచ్చగా లాన్ వేయిద్దాం" అని అరవై గజాల పెరడంతా చదును చేయించాడు. ఐదు ట్రాక్టర్ల ఎర్రమట్టి తోలించి మెక్సికన్ గడ్డి పరిపించాడు. ఆరేడు నెలలు తివాచీలా ఉందట. ఇప్పుడు చెట్టు కింద గడ్డి పలచబడి మట్టి కనిపిస్తోంది, మిగతా చోట తుంగ లేచింది. ఇంతలో వినాయక చవితి దాటాక వేపచెట్టు కొసల నుంచి మాడటం మొదలైంది. కార్తీకం వచ్చేసరికి సగం చెట్టు గోధుమరంగుకి తిరిగింది. పక్కింటాయన ఆకులన్నీ తన సంపులో పడుతున్నాయనీ, కొమ్మలు కరెంటు తీగలకి తగులుతున్నాయనీ రెండుసార్లు గొడవపడ్డాడు. వీధిలో ఒకావిడ "ఇంట్లో వేప ఎండితే మంచిది కాదు" అని ఓ మాట వదిలి వెళ్లింది. కొడుకు వీడియో కాల్‌లో చెట్టుని చూసి, "చచ్చిపోయిందమ్మా అది. సంక్రాంతికి నేనొచ్చేలోపు కొట్టించెయ్, అక్కడ పేవర్లు వేయించి కారు పెట్టుకుందాం" అన్నాడు. చెట్లు కొట్టే మనిషి ఎనిమిది వేలు అడిగాడు.

"వాడు నా సుఖం కోసమే చెప్తున్నాడని తెలుసు. వద్దంటే, నాన్న మీద బెంగతో అంటున్నానని అనుకుంటాడు. అందులో నిజం లేదని నేనూ చెప్పలేను. బండ కూడా మట్టిలో కూరుకుపోయి నేలకి ఆనుకుపోయింది, చూసినప్పుడల్లా మనసు అదోలా అయిపోతుంది. అసలు చెట్టు బతుకుతుందా? లాన్ ఎందుకు పాడవుతోంది? ఏం చెయ్యమంటారు?" అని ముగించారు.

అమ్మా,

రేపు పొద్దున గేటు బయటికొచ్చి మీ వీధి చివరి దాకా ఒకసారి నడవండి. కనిపించిన ప్రతి వేపచెట్టునీ తలెత్తి చూడండి. గుడి దగ్గరిదీ, బస్టాపు దగ్గరిదీ, ఖాళీ ప్లాటులో దానంతటది మొలిచినదీ. వాటిలో సగానికి పైగా మీ చెట్టులాగే కొసలు మాడి కనిపిస్తాయని నా అంచనా. ఇది మీ ఇంటికి మాత్రమే వచ్చిన కష్టం కాదు. 2021 వానాకాలం తర్వాత తెలంగాణ అంతటా, ఆంధ్రలోనూ వేపచెట్లు ఇలాగే మాడిపోతే ఊళ్లకి ఊళ్లే భయపడ్డాయి. అప్పుడూ అరిష్టమన్నవాళ్లున్నారు. మీ వీధావిడ చెడ్డగా అని ఉండదు, తెలియక అని ఉంటుంది. ఆ మాటని మాత్రం ఇక్కడితో వదిలేయండి.

దీన్ని డైబ్యాక్ అంటారు, మనవాళ్లు కొమ్మ ఎండు తెగులంటున్నారు. ఫోమాప్సిస్ అనే బూజు లేత రెమ్మల్లోకి దిగి కొస నుంచి వెనక్కి చంపుకుంటూ వస్తుంది. దానికి తోడు తేయాకు దోమ ఉంది. పేరుకి దోమే గానీ నల్లి జాతి పురుగు, జీడిమామిడినీ జామనీ పీడించేదే. ఇది లేత చిగుళ్లలో రసం పీలుస్తుంది, అది పొడిచిన చోటల్లా బూజుకి దారి దొరుకుతుంది. వానల్లో తడి ఎక్కువై తెగులు పాకుతుంది, భాద్రపదం ఆశ్వయుజాల్లో బయటపడుతుంది, మార్గశిరం దాకా చూడ్డానికి భయంకరంగా ఉంటుంది. మీరు రాసిన నెలలు దీనికి సరిగ్గా సరిపోయాయి.

ఇందులో మీరు పట్టుకోవాల్సింది ఒకటుంది. ఈ తెగులు రెమ్మల్ని చంపుతుంది. ముప్పై ఏళ్ల మానుని ఒక్క ఏడాదిలో చంపడం అరుదు. 2021లో మోడులైపోయాయనుకున్న చెట్లు చాలావరకు మరుసటి ఎండాకాలానికి మళ్లీ చిగిర్చాయి. కాబట్టి వేప బతికిందో లేదో కార్తీకంలో తేల్చకూడదు. మాఘ ఫాల్గుణాల్లో అది ఎలాగూ ఉన్న ఆకు కూడా రాలుస్తుంది, అప్పుడు ఇంకా భయమేస్తుంది. ఉగాదికి చూడండి. పచ్చడికి పువ్వు ఇస్తే సరి, పువ్వు ఇవ్వకపోయినా ఎర్రటి చిగురు తొడిగితే చాలు.

అప్పటిదాకా ఊరికే ఎదురుచూడక్కర్లేదు. పెన్సిలంత లావున్న కొమ్మని అందినచోట పట్టుకుని బొటనవేలి గోటితో బెరడు గీకండి. కింద పచ్చగా తడిగా ఉంటే అది బతికున్న కొమ్మ. పొడిగా గోధుమరంగులో ఉంటే జానెడు వెనక్కి వచ్చి మళ్లీ గీకండి. ఎక్కడ పచ్చదనం తగులుతుందో చావు అక్కడ ఆగినట్టు. నాలుగు దిక్కులా నాలుగు కొమ్మలు చూడండి. నాలుగింటిలోనూ చేతి మందం కొమ్మ దగ్గరికి రాకముందే పచ్చ తగిలితే, మీవాడి "చచ్చిపోయింది" అన్న మాట తప్పని మీకే తెలిసిపోతుంది.

చెట్టు నిజంగా ప్రమాదంలో ఉంటే ఆ గుర్తులు పైన ఆకుల్లో కాదు, మొదట్లో కనిపిస్తాయి. మొదలు దగ్గర చెక్కలాంటి గట్టి పుట్టగొడుగులు అరల్లా పొడుచుకొచ్చాయా? కర్రతో కొడితే డొల్ల శబ్దం వస్తోందా? చెట్టు ఈ మధ్య ఒకవైపు కొత్తగా ఒరిగిందా, ఒరిగిన వైపుకి ఎదురుగా నేల పగిలిందా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఉగాది దాకా ఆగకండి. అప్పుడు మీవాడి మాటే సరైనది, ఇంటికీ మనుషులకీ ప్రమాదం.

ఇక మీరు బాధతో రాసి వదిలేసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. మీవారి బండ నేలకి ఆనుకుపోయిందన్నారు. కాళ్లు వేలాడేసి కూర్చునే బండ నేలమట్టమైందంటే అక్కడ అడుగు మందాన మట్టి పడిందన్నమాట. ఐదు ట్రాక్టర్లు అరవై గజాల్లో సర్దితే లెక్క కూడా దాదాపు అంతే వస్తుంది. ఆ మట్టి బండతో పాటు చెట్టు మొదలునీ పూడ్చేసింది.

వెళ్లి మొదలు చూడండి. ఆరోగ్యంగా ఉన్న చెట్టు నేలని తాకే చోట ఏనుగు పాదంలా వెడల్పవుతుంది, అక్కడ నుంచి వేర్లు నాలుగు వైపులా దిగుతాయి. మీ చెట్టు పాతిన కరెంటు స్తంభంలా నిటారుగా నేలలోకి దిగిపోతోందా? అయితే పూడిందనే లెక్క. చెట్టుకి తిండీ నీరూ గాలీ అందించే సన్నవేర్లు నూటికి ఎక్కువపాళ్లు పైన రెండడుగుల్లోనే ఉంటాయి. వాటి మీద అడుగు మట్టి తొక్కించి, దాని మీద దట్టంగా గడ్డి పరిచి, రోజూ నీళ్లు పెడుతుంటే వేరుకి ఊపిరాడదు. గాలికి ఉండాల్సిన మొదలు బెరడు రోజూ తడిమట్టిలో నాని కుళ్లుతుంది. డైబ్యాక్ ఊరందరి వేపలకీ వచ్చింది గానీ, మీ చెట్టు సగం దాకా మాడటానికి ఈ మట్టి కూడా కారణమై ఉంటుందని నాకు గట్టిగా అనిపిస్తోంది. లాన్ వేసిన మనిషి చదునుగా కనబడాలని చూశాడు. చెట్టు గురించి అతన్ని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

లాన్ సంగతి కూడా ఇందులోనే ఉంది. మెక్సికన్ గడ్డికి రోజంతా కాకపోయినా పూటంతా ఎండ కావాలి. వేపనీడలో అది ఎన్నాళ్లున్నా పలచబడుతుంది, యూరియా చల్లితే రెండు వారాలు పచ్చగా కనిపించి మళ్లీ అంతే. పైగా డిసెంబరు జనవరిల్లో రాత్రుళ్లు చలి పెరిగితే ఎండలో ఉన్న గడ్డి కూడా ఎదుగుదల ఆపి పాలిపోతుంది. అది రోగం కాదు, శివరాత్రి దాటాక తేరుకుంటుంది. చలికాలంలో ఎరువు వేయకండి, నీళ్లు కూడా సగానికి తగ్గించండి. తుంగ ఎర్రమట్టితో పాటు వచ్చింది. పైన ఆకు పీకితే లోపలి గడ్డ నాలుగు పిలకలు వేస్తుంది. చిన్న గునపంతో గడ్డతో సహా తవ్వి తీయాలి, వాన పడిన మర్నాడు అయితే సులువు. ఓపిక పని. గడ్డిమందు కొట్టిస్తానని ఎవరైనా వస్తే ఒప్పుకోకండి. సరైన మందు కాకపోతే తుంగతో పాటు మీ గడ్డీ దెబ్బతింటుంది, బలహీనంగా ఉన్న చెట్టు పక్కన అసలే వద్దు.

మందుల మాట వచ్చింది కాబట్టి వేపకి మందు కొట్టించాలా అనే సందేహం కూడా వస్తుంది. 2021లో వ్యవసాయ శాస్త్రవేత్తలు బూజుమందూ పురుగుమందూ రెండూ వంతులవారీగా పిచికారీ చేయమన్నారు. పొలంగట్టున ఉన్న చెట్టుకి అది సరే. ఇళ్ల మధ్య నలభై అడుగుల ఎత్తుకి పురుగుమందు కొడితే సగం మీ వాటర్ ట్యాంకు మీదా, పక్కింటి వంటగది కిటికీ మీదా పడుతుంది. నేనైతే కొట్టించను. ఎండుకొమ్మలు తీయించి, కోసిన చోట బోర్డో పేస్ట్ పూయిస్తాను. ప్లాస్టిక్ బకెట్‌లో అర లీటరు నీళ్లకి 100 గ్రాముల మైలుతుత్తం, వేరే దాంట్లో అర లీటరుకి 100 గ్రాముల సున్నం. రెండూ బాగా కరిగాక కలిపి, ఆ రోజే బ్రష్‌తో పూసెయ్యాలి. ఇనుప గిన్నె వాడకూడదు.

ఈ పని సంక్రాంతి దాటాక, చిగురు రాకముందు చేయించండి. వానల్లో కోస్తే బూజు కోతల్లోకి దిగుతుంది. పచ్చదనం తగిలిన చోటు నుంచి ఇంకో జానెడు లోపలికి కోయాలి. లావు కొమ్మ తీయాల్సి వస్తే మనిషి దగ్గర నిలబడి చూడండి. కొమ్మ మానుని కలిసే చోట మెడ మీద ముడతలాంటి ఉబ్బు ఉంటుంది. కోత ఆ ఉబ్బుకి బయటే పడాలి. ముందు కింద నుంచి కాస్త కోసి, తర్వాత కాస్త అవతల పై నుంచి కోసి బరువు దించాక, చివర్లో ఉబ్బు పక్కన శుభ్రంగా కోస్తే బెరడు చీలదు. "అమ్మా, గుండు కొట్టేస్తే మళ్లీ బాగా వస్తుంది" అంటారు వాళ్లు. వద్దు. గుండు కొట్టిన వేప చుట్టూ పిలకలు గుబురుగా వేస్తుంది, వాటికి పట్టు ఉండదు, మే నెల ఈదురుగాలికి విరిగి పక్కింటి మీద పడేవి అవే. తీసిన ఎండుకొమ్మల్ని పెరట్లో పోగుపెట్టకండి, తెగులు వాటి మీదే ఉంటుంది.

తీగల దగ్గరి కొమ్మ మాత్రం ఈ మనిషి చేత ముట్టించకండి. విద్యుత్ శాఖ వాళ్లకి ఫిర్యాదు ఇస్తే లైన్‌క్లియర్ తీసుకుని, అంటే ఆ తీగలో కరెంటు ఆపించి, వాళ్లే కోస్తారు. ఆ అర్జీ కాపీ ఒకటి పక్కింటాయనకి చూపించండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

చెట్టు కొట్టించెయ్యడం ఒకటి. అది పెద్ద తప్పేమీ కాదు, చాలామంది చేస్తున్నదే. చేసేముందు వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి సంగతి అటవీశాఖ ఆఫీసులో కనుక్కుని కాగితం చేతికి తీసుకోండి. పక్కింటాయనతో ఎలాగూ గొడవ ఉంది, రేపు ఆయనే ఫిర్యాదు చేయొచ్చు. ఎనిమిది వేలలో మొద్దూ వేర్లూ తీయడం ఉందో లేదో అడగండి. వేర్లు వదిలేసి పేవర్లు వేస్తే, లోపల కుళ్లే కొద్దీ రెండు మూడేళ్లలో అవి అక్కడక్కడ కుంగుతాయి. అన్నిటికంటే ముఖ్యం, మీ చెట్టు పడమట ఉంది. ఇన్నేళ్లూ రెండు గంటల నుంచి ఆరు గంటల దాకా మీ పడగ్గది గోడ మీద పడాల్సిన ఎండ అది మోసింది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో ఆ గోడ పక్కన మీరొక్కరే ఉంటారు, మీవాడు డల్లాస్‌లో ఉంటాడు. ఈ మాట కఠినంగా ఉందనుకోకండి, లెక్కలో వేసుకోవాల్సిన మాటే.

చెట్టు ఉంచి లాన్‌ని వెనక్కి జరపడం రెండోది. మొదలు చుట్టూ కనీసం ఐదారు అడుగుల మేర గడ్డి తీసేసి, పోసిన మట్టిని పాత నేల తగిలేదాకా తొలగించాలి. వీలైతే కొమ్మల నీడ పడినంత మేరా తీయడం మంచిది. అంటే లాన్ సగానికి తగ్గుతుంది. మిగిలిన సగానికీ ఎండ బాగా ఉంటుంది కాబట్టి అది నిజంగా పచ్చగా ఉంటుంది. నీళ్లు కూడా చూడండి. ఎండాకాలంలో గడ్డికి రోజుకి 5 మిల్లీమీటర్ల నీరు తక్కువే. అరవై గజాలకి అదే 250 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరు ఇరవై రోజుల్లో గడ్డికే అయిపోతుంది. సగం చేస్తే నలభై రోజులొస్తుంది. చెట్టు కింద జాగాలో నీడకి తట్టుకునేవి వేసుకోవచ్చు. కనకాంబరాలు, పసుపు, సింగోనియం. ఏవైనా చిన్నగుంటల్లో పెట్టాలి, వేర్లు నరక్కూడదు. లేదంటే ఏమీ వేయకుండా చెట్టు రాల్చిన ఆకునే పరిచి ఉంచండి, మానుకి మాత్రం తగలకుండా. ఈ దారిలో పని ఉంది, ఖర్చు తక్కువ. చెట్టు కోలుకుంటుందన్న హామీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు. ఏటా వానాకాలం తర్వాత కొసలు మాడటం మళ్లీ రావచ్చు, ఏటా ఎండుకొమ్మలు తీయించాల్సి రావచ్చు.

ఉన్నది ఉన్నట్టు ఉంచి, చెట్టు కింద నీడగడ్డి వేయించడం మూడోది. నర్సరీ వాళ్లు ఇదే చెప్తారు. లాన్ కాస్త బాగుపడవచ్చు. చెట్టు మాత్రం మట్టి కిందే ఉంటుంది. ఇది మీ సమస్యని రెండేళ్లు వాయిదా వేస్తుందంతే.

ఒకవేళ పేవర్లు కావాలనే మీవాడు పట్టుబడితే, చెట్టుని కొట్టకుండా కూడా వేయించవచ్చు. మొదలు చుట్టూ మీటరుకి తక్కువ కాకుండా వదిలి, కింద కాంక్రీటు పోయకుండా ఇసుక మీద పేర్చాలి. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ చెట్ల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తీసేయమని ఆదేశించింది కూడా. కారు రోజూ అక్కడ ఆగితే నేల గట్టిపడుతుంది, ఆ నష్టం ఉంది. కానీ అడుగు మట్టి కంటే నయం.

పక్కింటాయన గొడవకి చెట్టు చావక్కర్లేదు. ఆయన వైపు వంగిన కొమ్మల్లో ఎండినవి ముందు తీయించండి, సంపు మూత మీదకి ఒక సన్నజాలీ మీరే కొనిచ్చి బిగించండి. ఖర్చు వందల్లో పోతుంది. ఫాల్గుణంలో ఆకు దండిగా రాలుతుందని ఇప్పుడే చెప్పి ఉంచితే, అప్పుడు మళ్లీ తలుపు కొట్టడు.

మీ అబ్బాయి సంగతి. నాన్న మీద బెంగ అని అనుకుంటాడని భయపడుతున్నారు. బెంగ ఉంటే ఉందని చెప్పండి, దాచడమెందుకు? ఆ చెట్టు నాటిన చేయి వాడి నాన్నదే కదా. దాంతోపాటు గోటితో గీకిన కొమ్మ ఫోటో, వీధిలోని మిగతా వేపల ఫోటోలు, ట్యాంకరు లెక్క, పడమటి గోడ సంగతి కూడా పంపండి. డల్లాస్‌లో ఇంటి ముందు గడ్డి పెంచుకునే మనిషికి నీడలో గడ్డి ఎందుకు పోతుందో చెప్పక్కర్లేదు, వాడికే తెలిసి ఉంటుంది. అడగాల్సింది ఒక్కటే, ఉగాది దాకా గడువు. ఈలోగా ఏ దారీ మూసుకుపోదు. కొట్టించాలంటే ఏప్రిల్‌లోనూ కొట్టించవచ్చు, వానలకి ముందు పేవర్లూ వేయించవచ్చు. ఇప్పుడు కొట్టేస్తే మాత్రం వెనక్కి రాదు.

గడువు ఇవ్వకపోయినా ఆ మట్టి తీసే పని సంక్రాంతికి వాడు వచ్చినప్పుడే పెట్టుకోండి. మేస్త్రీకి అప్పగించకండి. పార, గడ్డపార మొదలు దగ్గరికి రానివ్వొద్దు, నానిన బెరడు దెబ్బకి ఊడొస్తుంది. మొదలుకి మూరెడు దూరం దాకా పారతో తీసి, అక్కడ నుంచి చేత్తోనూ, కొబ్బరిచిప్పతోనూ తీయాలి. పూడిన మట్టిలో మాను నుంచి కొత్తగా సన్నవేర్లు పుట్టి ఉంటే కత్తిరించవచ్చు, లావు వేరు కనిపిస్తే ఆగిపోండి, పాత నేల వచ్చేసినట్టే. బెరడు కొద్దిగా నల్లబడి మెత్తగా తగిలితే గుడ్డతో తుడిచి రెండు వారాలు గాలికి ఆరనివ్వండి, దాని మీద ఏ మందూ పూయకండి. ఒక పూట పని. బండ కూడా ఆ పూటే బయటికొస్తుంది.